మొదటి గంట నీళ్ళు

మైదుకూరు నుంచి బద్వేలు పోయే దారిలో, రోడ్డుకు ఆనుకొని మాకు మూడెకరాల మెట్ట ఉంది. ప్రభుత్వం ఇచ్చిన భూమి. ఇచ్చేటప్పుడు పట్టాతోపాటు రాళ్ళు కూడా ఇచ్చారని మా నాయన అనేవాడు. వాటిని ఏరి గట్టుకు వేయడానికే ఆయనకూ మా అమ్మకూ సగం వయసు సరిపోయింది. రాళ్ళు అయిపోయాక ఇద్దరూ నీళ్ళ మీద పడ్డారు.

మా వైపు బోరు వేయించాలంటే ముందు ఒక మనిషి అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరుగుతాడు. టెంకాయ నిక్కి నిలబడిన చోట నీళ్ళున్నాయని లెక్క. మా చేనులో అది రెండుసార్లు నిలబడింది. రెండుసార్లూ బోరు బండి పొద్దుగూకే దాకా తెల్లటి దుమ్ము కక్కి వెళ్ళిపోయింది. దేవుడి మీద కంటే ఆ టెంకాయ మీదే నాయనకు నమ్మకం ఎక్కువని అమ్మ దెప్పుతుండేది. అయినా మూడోసారి కూడా ఆయన ఆ మనిషినే పిలిచాడు. అమ్మ చెవుల కమ్మలు తీసి ఆయన చేతిలో పెట్టి, ఇదే ఆఖరుసారని చెప్పింది.

మూడో బోరు వేసిన రోజు నేనూ చేనులోనే ఉన్నాను. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. నేను ఒక్కదాన్నే బిడ్డను కాబట్టి ఇల్లటం అల్లుణ్ణి తెచ్చుకున్నారు. అంటే మా ఆయనే మా ఇంటికి కాపురానికి వచ్చాడు, నేను పుట్టింటి గడప దాటింది లేదు. బండి రెండు వందల అడుగులు దాటింది, మూడు వందలు దాటింది. దుమ్ములో మనుషులకు మనుషులు కనపడటం లేదు. నాయన ఇంక ఆపేయమన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు అమ్మ ఆ దుమ్ములోనే మోకాళ్ళూని, తలమీద కొంగు కప్పుకొని, బండి చప్పుడులో దేవునికి వినపడదేమో అన్నంత గట్టిగా మొక్కుకుంది.

"ప్రభువా, ఈడ నీళ్ళిస్తివా, మోటరు ఎయ్యంగానే వచ్చే మొదటి గంట నీళ్ళు దినామూ నీవి. మా చేనికి పారించుకోను. దోవన పోయే నోరులేనివాటికి, దప్పిగొన్నోళ్ళకి పోస్తా."

నాకు వినపడింది. నాయనకు వినపడింది. బండి మీది మనుషులకు కూడా వినపడింది. ఇంకో ఇరవై అడుగులు దిగేసరికి దుమ్ము తడిసింది, తర్వాత బురద వచ్చింది, ఆ తర్వాత రెండించీల నీళ్ళు పైకి లేచాయి. నాయన చొక్కా తడిసి ముద్దయ్యేదాకా ఆ నీళ్ళ కిందే నిలబడ్డాడు. ఆ సాయంత్రం దాకా ఆయన నోటి నుంచి ఒక్క మాట రాలేదు.

మాటలన్నీ మర్నాడు వచ్చాయి. రోజుకో గంట చొప్పున నీళ్ళు పోతే ఎన్ని మడులు తడవకుండా పోతాయో రాత్రంతా మనసులో పారించుకొని లేచాడు. నన్నడక్కుండా ఎట్లా మొక్కుతావని అమ్మ మీద పడ్డాడు. అక్కడ పని జరగకపోయేసరికి గుడికి పోయి అయ్యగారి మీద పడ్డాడు. మా పాస్టరు గారు నిదానస్తుడు. ఆయన నాయన చెప్పిందంతా విని, పాత నిబంధనలో ఒక ఏర్పాటుందని చెప్పాడు. పెళ్ళాం దేవునికి మొక్కుకున్న సంగతి మొగుడి చెవిన పడిన రోజే ఆయన వద్దంటే ఆ మొక్కు చెల్లకుండా పోతుంది. విని కూడా ఆ రోజు ఊరకున్నాడంటే మాత్రం అది స్థిరపడినట్టే. నువ్వు నిన్న ఏమన్నావని అయ్యగారు అడిగారు. ఏమీ అనలేదని నాయన ఒప్పుకున్నాడు. జీవితమంతా వాగి, వాగవలసిన ఆ ఒక్క పూట నోరు మూసుకున్నానని తర్వాత చాలా ఏళ్ళు తనను తానే తిట్టుకున్నాడు. అయితే ఆ వారంలోనే రోడ్డు పక్కన రాతి తొట్టి కట్టించింది కూడా ఆయనే.

మొదటి గంటకూ మిగతా గంటలకూ తేడా ఏమిటో చెప్పాలి. మా బోరులో రాత్రంతా నీళ్ళు ఊరుతాయి. పొద్దున తొమ్మిదికి కరెంటు వచ్చి మోటారు వేయగానే, ఆ ఊరిన నీళ్ళన్నీ చల్లగా, తేటగా, పైపు నిండా దూకుతాయి. తర్వాత్తర్వాత ధార సన్నబడుతుంది. ఎండాకాలంలో మూడు నాలుగు గంటలకు బోరు గాలి కక్కడం మొదలుపెడుతుంది. అమ్మ దేవునికి ఇచ్చింది ఆ నిండు నీళ్ళు. తెలియక ఇచ్చింది కాదు. ఇంట్లో బియ్యం దగ్గర కూడా ఆమె పద్ధతి అదే. ఎసట్లోకి బియ్యం కొలవకముందే దేవునికని ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. ఆదివారం గుడికి పట్టుకుపోయే బియ్యం అవే. ఇంటికి కొలుచుకున్నాక మిగిలిన దాంట్లోంచి తీసేవాళ్ళను చూస్తే ఆమెకు గిట్టదు. మిగిలింది పెట్టడానికి దేవుడేమన్నా మనింటి కుక్కా అనేది.

పద్దెనిమిదేళ్ళుగా ఆ తొట్టి దగ్గర ఎవరెవరు నీళ్ళు తాగారో రాయాలంటే నాకు చేతకాదు. కట్టెలు మోసుకొచ్చే ఆడవాళ్ళు, బండి మీద మామిడికాయలు అమ్మే సాయిబు, కాలనీ వాళ్ళ బర్రెలు, పొరుగు రైతుల ఎద్దులు. పక్క చేని ఆసామి, మీ యేసయ్యకు రోజుకు ఒక గంటే డ్యూటీనా అని ఎగతాళి చేసేవాడు. చేస్తూనే తన జీతగాణ్ణి బిందెలిచ్చి పంపేవాడు. నీళ్ళు పోసే చోట నిలబడవద్దని అమ్మ నాకు గట్టిగా చెప్పింది. నిలబడితే జనం దండం పెడతారు, ఆ దండం మనకు అలవాటవుతుంది, అది లేనిదే ఇవ్వడానికి చెయ్యి రాదు అని ఆమె భయం. అందుకే వాల్వు తిప్పేసి, చేనులో అటువైపుకి పోయి ఏదో ఒక పని చూసుకునేవాళ్ళం.

నాయన పోయాక, అమ్మ మోకాళ్ళు అరిగి కళ్ళకు మసక వచ్చాక, చేను నా చేతికి వచ్చింది. మా ఆయన ఆటో తోలుతాడు, పొద్దున్నే మైదుకూరు వెళ్ళిపోతాడు. స్టార్టరు నొక్కడం, వాల్వు తిప్పడం, మడులు కట్టడం అన్నీ నావే. మధ్యాహ్నం నేను అన్నానికి ఇంటికి వచ్చేసరికి అమ్మ పంచలో కూర్చొని ఉండేది. ముందుగా ఒకటే అడిగేది, మొదటి గంట పోయిందా పాపా అని. పోయిందంటే, స్తోత్రం ప్రభువా అని చెప్పి, అప్పుడు కంచం దగ్గరికి జరిగేది. అది విన్నాకే ఆమె చెయ్యి అన్నంలోకి వెళ్ళేది. నాకు కొంచెం కోపం ఎక్కువ. పోకుండా యాడికి పోతాదిమా అని విసుక్కున్న రోజులు బోలెడున్నాయి. ఆ విసుగంతా ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, ఆమె మాత్రం నవ్వి ఊరుకునేది.

రెండేళ్ళ కిందట వానలు రెండు పంట కార్లూ ఎగ్గొట్టాయి. ఆ సంవత్సరం నేను రెండెకరాల్లో వేరుశనగ వేశాను. వేయకుండా ఉండవలసింది, కానీ బోరుంది కదా అన్న ధైర్యం. మాఘమాసం చివరికి చెట్లు పూత మీదికి వచ్చి ఊడలు దిగడం మొదలుపెట్టాయి. వేరుశనగకు అదే అదను. ఆ పది పదిహేను రోజులు నేల మెత్తగా ఉంటే ఊడ మట్టిలోకి దిగి కాయ అవుతుంది. నేల గట్టిపడితే పైనే మాడిపోతుంది. సరిగ్గా అప్పుడే బోరు రెండు గంటలకే గాలి కక్కసాగింది. రెండు గంటల్లో ఒక గంట తొట్టికి పోతే, నాకు మిగిలేది సన్నధార ఒక గంట. చివరి మడుల దాకా నీళ్ళు చేరటం లేదు. పొద్దున పచ్చగా ఉన్న ఆకు మధ్యాహ్నానికి ముడుచుకుపోయేది.

అప్పుడు నాలో ఒక లాయరు లేచాడు. మొక్కింది ఒక గంట. గంట గంటే కదా, ముందైతేనేం, తర్వాతైతేనేం. నేను దేవుని గంట తీసేయడం లేదు, జరుపుతున్నాను, అంతే. ముందు చేనికి పారించి, తర్వాత తొట్టికి తిప్పుతాను. పంట చేతికి వస్తే ఆదివారం కానుక ఎక్కువే వేస్తాను, దేవుడికీ నష్టం లేదు. ఇట్లా ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాను. నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, మా గుడిలో ఆదివారం పిల్లలకు పాఠం చెప్పేది నేనే. మంచి గొర్రెను ఇంట్లో దాచుకొని కుంటిదాన్నీ గుడ్డిదాన్నీ దేవుని దగ్గరికి తోలుకొచ్చిన వాళ్ళ సంగతి చేతులు తిప్పుతూ చెప్పేదాన్ని. అది మీ కలెక్టరుకు ఇచ్చి చూడండి, తీసుకుంటాడేమో అని పిల్లలను నవ్వించేదాన్ని కూడా.

మొదటి రోజు వాల్వు చేనివైపు తిప్పే ముందు రోడ్డు వైపు ఒకసారి చూశాను. రెండో రోజు చూడలేదు. నిండు నీళ్ళు చివరి మడుల దాకా పాకాయి, ఆకు విచ్చుకుంది, నాకు ప్రాణం లేచివచ్చింది. తర్వాత తొట్టికి తిప్పితే పైపు దగ్గింది, ఉమ్మింది, ఎర్రటి బురద నీళ్ళు జానెడు లోతు కూడా నిండకుండా ఆగిపోయింది. గంట అని పేరే గానీ పావుగంట కూడా లేదు. ఇంటికి వస్తే అమ్మ ఎప్పటిలాగే అడిగింది. పోయిందిలేమ్మా అన్నాను. స్తోత్రం ప్రభువా అని చెప్పి ఆమె కంచం దగ్గరికి జరిగింది. నేను వంచిన తల ఎత్తకుండా తిన్నాను. అట్లా తొమ్మిది రోజులు.

ఆ తొమ్మిదిలో ఐదో రోజున గొర్రెల మంద వచ్చింది. ఏటా వస్తుంది. పత్తికొండ అవతలి నుంచి ఒక కాపరి, ఆయన భార్య, ఇద్దరూ గాడిదల మీద సామాన్లు వేసుకొని, కాలువ కింద వరికోతలు అయిపోయిన చేలల్లో మేపుకోవడానికి మంద తోలుకొని వస్తారు. మా బోరు పడిన రెండో ఏటి నుంచి మా తొట్టి వాళ్ళ దారిలో ఒక మజిలీ. మా చుట్టుపక్కలే పదిహేను ఇరవై రోజులుండి, రోజూ మొదటి గంటకు మందను తొట్టికి తోలుకొస్తారు. ఆయన మా అమ్మను అక్కా అంటాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ ఉన్న మనిషి. ఆ సంవత్సరం మందలో ఈనిన గొర్రెలు చాలా ఉన్నాయి, పిల్లలు తల్లుల పొట్టల కింద తడబడుతున్నాయి.

తొమ్మిదికి మోటారు చప్పుడు విని ఆయన మందను తోలుకొచ్చాడు. తొట్టి ఎండి ఉంది. నేను చేనులో వంగి మడి కడుతూ, చూడనట్టే ఉన్నాను. ఆయన పిలవలేదు. తుమ్మచెట్టు కింద మందను నిలబెట్టి, చేతికర్ర మీద గడ్డం ఆనించి, నీళ్ళు నా చేనులోకి పారుతుంటే చూస్తూ నిలబడ్డాడు. రెండు గంటల తర్వాత తొట్టిలో బురద నీళ్ళు పడితే, పాలిచ్చే తల్లులను ముందు వదిలాడు. మిగతావి తొట్టి నాకి వెళ్ళాయి. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ఒక్కసారైనా ఇదేందమ్మా అని అడిగి ఉంటే కసురుకునేదాన్ని, దానికి కావలసిన మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన అడిగితే కదా.

తొమ్మిదో రోజున ఆయన గట్టు దాకా వచ్చి, అక్కడే నిలబడి మాట్లాడాడు.

"పాపా, బోరు చచ్చిపోతాండాది, చూస్తానే ఉండా. మీకే లేవు, మాకు యాడ పోస్తారు. దుడ్లు తీసుకోని కూడా నీళ్ళియ్యని సీమలో ఇన్నేండ్లు ఊరికే పోస్తిరి. ఇంగ చాలు. మేము కాలువకాడికి పోతాం. అక్కకు ఒక మాట చెప్పేసి పోతా."

నేను తల ఊపాను. ఊపగలిగాను. ఆ ఏడు కాలువకు నీళ్ళు వదలలేదని నాకు తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా నోటి నుంచి ఆ మాట రాలేదు. వాళ్ళు పోతే నాకు రోజూ ఆ చూపు తప్పుతుంది కదా అని కూడా అనిపించింది. ఉన్నది ఉన్నట్టు రాయకపోతే ఈ కథ రాయడమే దండగ.

మధ్యాహ్నం ఇంటికి పోయేసరికి మంచం మీద కొత్త నల్ల కంబళి మడత పెట్టి ఉంది. ఇంట్లో వడికిన ఉన్నితో నేసిన మంచి కంబళి. అమ్మ మంచం మీద లేదు. కింద బండల మీద కూర్చొని ఉంది. కాపరి దంపతులు వచ్చారని, పదిహేనేళ్ళ నీళ్ళకు గుర్తుగా చలికి కప్పుకోమని కంబళి ఇచ్చారని, బోరు పోయినందుకు ఆడమనిషి కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుందని అమ్మ చెప్పింది. ముందు చేనికి పారి, తర్వాత తొట్టికి నాలుగు చుక్కలు వస్తున్నాయని వాళ్ళు జాలిగా చెప్పిన మాటే నన్ను పట్టించింది. అమ్మకు కళ్ళు కనపడవు గానీ లెక్క తెలుసు.

ఆ రోజు ఆమె మొదటి గంట పోయిందా అని అడగలేదు. నేను తిట్లకు సిద్ధపడి గుమ్మంలోనే నిలబడ్డాను. తిడితే ఎదురు చెప్పడానికి నా దగ్గర చివరి మడులున్నాయి, ఊడలున్నాయి, ఆడదాని రెక్కల కష్టముంది. ఆమె గొంతు కూడా పెంచలేదు. ఎన్ని దినాల నుంచి అని మాత్రం అడిగింది, తొమ్మిది అన్నాను.

"తొమ్మిది దినాలు, లేనిదానికి నాతో స్తోత్రం చెప్పించినావు పాపా."

అంతే అన్నది. తర్వాత నేను ఊహించనిది చెప్పింది. ఆ మొక్కు మొక్కింది తను. తీర్చడం నా చేతుల మీద పెట్టింది. ఒకరు మొక్కి ఇంకొకరి చేత తీర్పించుకోవడం తన తప్పేనని, నన్ను ఒక్కసారైనా నీకు ఇష్టమేనా అని అడగలేదని చెప్పింది. మొక్కి తీర్చకపోవడం కంటే మొక్కకుండా ఉండటమే నయమని వాక్యం చెబుతుంది. ఆ బరువు నాది, నీది కాదు అన్నది.

"నీ నోటితో నువ్వు మొక్కలేదు. రేపట్నుంచి నీ చేను, నీ నీళ్ళు. యాడికి పారించుకుంటావో నీ ఇష్టం. దేవునికి నేను చెప్పుకుంటా. నేను ఇంగ అడగను."

ఆ కంబళి మాత్రం తిరిగి ఇచ్చి రమ్మన్నది. ఇవ్వని నీళ్ళకు తీసుకున్న దండం లాంటిది అది, కప్పుకుంటే నిద్ర పట్టదని చెప్పింది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. తిట్టకుండా వదిలేస్తే మనిషికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆ పూట ఇద్దరం అన్నం ముట్టలేదు.

మర్నాడు తొమ్మిదికి స్టార్టరు డబ్బా ముందు నిలబడ్డాను. చేనులో నేను తప్ప ఎవరూ లేరు. రోడ్డు మీద మంద లేదు. ఇంట్లో అడిగేవాళ్ళు లేరు. అమ్మ నన్ను విడిచిపెట్టింది, కాపరి విడిచిపెట్టాడు. దేవుడు సరేసరి, ఆయన ఎప్పుడూ వచ్చి వాల్వు పట్టుకోలేదు. చివరి మడులు ఇంకో నాలుగు తడులు అడుగుతున్నాయి. మీట నొక్కాను. పైపులో నీళ్ళు లేచే చప్పుడు వినిపిస్తుండగా, వాల్వు మీద చెయ్యి పెట్టి, ఈ బోరు పడినప్పటి నుంచి ఈ చేనులో నేను తిన్నదంతా గుర్తు చేసుకున్నాను. నా బిడ్డల చదువు, నాయన మందులు, మా ఆయన ఆటో, రాళ్ళల్లో పుట్టిన నాకు మూడు పూటలా అన్నం. ఆ నీళ్ళలో ఒక్క చుక్క నేను తవ్వి తీసింది కాదు. అందులో మిగతా గంటలన్నీ నావై, ఒక్క గంట దగ్గర నేను లాయరునయ్యాను. గట్టిగా ఏడుపొచ్చింది. అమ్మలాగా అరవలేదు గానీ, నా నోటితో నేను చెప్పాను. ప్రభువా, ఇది మా అమ్మ మొక్కు కాదు, ఈ రోజు నుంచి నాది, మొదటి గంట నీది. తొట్టివైపు తిప్పాను.

ఆ తర్వాత అద్భుతం జరిగి బోరులో నీళ్ళు పొంగాయని చెప్పను. పొంగలేదు. ఆ పంట కారులో చివరి నాలుగు మడులు ఎండిపోయాయి, తక్కినవి కాశాయి. మేము బతకడానికి ఆ కాసినవి చాలాయి. అది తర్వాతి సంగతి. ఆ పొద్దున మాత్రం తొట్టి అంచుదాకా నిండి, తేటగా, పొర్లిపోతుంటే తాగడానికి అక్కడ ఎవరూ లేరు. నాలుగు పిట్టలు వచ్చి అంచు మీద వాలాయి. అంత మంచి నీళ్ళు చూసి అంత బాధపడిన రోజు నాకు ఇంకొకటి లేదు.

మా ఆయనకు ఫోను చేసి ఆటో తెమ్మన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పాను, మొత్తం చెప్పాను. ఆయన ఎక్కువ మాట్లాడడు. బేరాన్ని మధ్యలో దింపేసి వచ్చాడు. కంబళి ఒళ్ళో పెట్టుకొని, కాలువ గట్టు వెంట ఎండలో రెండు ఊళ్ళు దాటి వెతికాం. కాలువ అడుగు పగుళ్ళిచ్చి ఉంది. ఒక మలుపు దగ్గర కంపచెట్ల నీడలో మంద పడుకొని ఉంది. గొర్రెపిల్లలు నోళ్ళు తెరుచుకొని ఉన్నాయి. ఊళ్ళోని చేతిపంపు నుంచి మామ బిందె మోసుకొచ్చి, ఒక గిన్నెలో పోసి, ఒక్కొక్క పిల్లనూ ఎత్తి తాగిస్తున్నాడు.

నన్ను చూసి లేచి, అక్క బాగుందా అని అడిగాడు. ఇంత దూరం ఎండలో వచ్చానంటే అమ్మకు ఏదో అయిందనుకున్నాడు. నేను కంబళి ఆయన ముందు పెట్టాను. 

"మామా, బోరు చావలేదు. మంచి నీళ్ళే వస్తాండాయి. పంట ఎండుతుందని నేనే మొదట చేనికి తిప్పుకుంటి. మీకు బురద మిగిలిస్తి. అమ్మకు నిన్నటిదాకా తెలీదు."

ఆయన చేతిలోని గొర్రెపిల్లను దించలేదు. నా ముఖంలోకి చూశాడు. తిట్టినా, ఉమ్మినా, పడాలనుకొని వచ్చాను. ఆయన నేను చెప్పినదాంట్లోంచి ఒకే ఒక్క మాట పట్టుకున్నాడు.

"బోరు ఉండాదా?"

ఉంది మామా అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి, గాడిదల దగ్గర పడుకొని ఉన్న భార్యను పిలిచాడు. "మ్మే, లెయ్. అక్క బోరు పోలేదంట, బాగుండాదంట." ఆమె లేచి కూర్చొని రెండు చేతులూ ఆకాశంకేసి ఎత్తింది. అప్పుడాయన నావైపు తిరిగి నవ్వాడు. "నిన్నట్నించి అన్నం ముట్టలేదు పాపా అది. అక్క బోరు పోయినాక ఎట్ల బతుకుతారో అని. ఇంగ తింటాది."

నేను చేసిన పనిని గురించి ఆయన ఒక్క మాట అడగలేదు, ఈ రోజుకూ అడగలేదు. కంబళి తీసుకోమంటే, బోరు బాగుంది కాబట్టి అక్కను ఇంకా సంతోషంగా కప్పుకోమన్నాడు. దప్పితో పడుకున్న ఆ మనిషి, నీళ్ళు దాచుకున్న నా కోసం పస్తు ఉంది. నేను కాలువ గట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. మా ఆయన నడవలేని గొర్రెపిల్లలను ఒక్కొక్కటే ఎత్తి ఆటోలో వెనక సీటు మీద పెట్టాడు. మామ కర్ర తీసుకొని, నోటితో ఒక కేక వేసి, మందను మా చేనువైపు మళ్ళించాడు.